మళ్ళీ ఉతికిన రోజులు

మొదటి మెయిల్ డిసెంబర్‌లో పంపాను.
గౌరవనీయులైన సర్, డిగ్రీ రెండో సంవత్సరం,
పర్యావరణ శాస్త్రం, అని మొదలుపెట్టి
జ్ఞానాపురం డాబాల మీద రాత్రిపూట రాలే నల్లని నుసిని
తూచాలనుంది అని రాసి,
తూచడానికి నా దగ్గర ఏమీ లేదని మాత్రం
చివరి లైన్లో, నెమ్మదిగా.

పదిహేడు మెయిళ్ళు. రెండు జవాబులు.
ఒకరు పీజీలో చేరాక రమ్మన్నారు.
ఇంకొకరు అడిగారు: బడ్జెట్ ఎంత?

మా ఇంట్లో ఆ మాట
ఏడాదికోసారి టీవీలో వస్తుంది,
నాన్న రిమోట్ నొక్కేస్తాడు.
ఆ రాత్రి నోటుబుక్కు వెనక పేజీలో కూర్చున్నాను.
వడపోత కాగితాలు, వంద.
గాజు పళ్ళేలు ఆరు.
ఆరెందుకు, నాలుగు చాలు, స్టీలువి ఇంట్లో రెండున్నాయి.
కాన్వెంట్ జంక్షన్ నుంచి యూనివర్సిటీకి ఆటో,
కాదు, బస్సు.
కొట్టేసి రాసి, రాసి కొట్టేసి
పదకొండు వేల ఎనిమిది వందల నలభై దగ్గర
పెన్ను ఆగింది.
ఇంత తక్కువ అడిగితే లెక్కచేస్తారా అని ఒక భయం,
ఇంత డబ్బు నాకెవరిస్తారని ఇంకో భయం.
రెండూ నా మంచం మీదే పడుకున్నాయి
నాకు చోటివ్వకుండా.

దరఖాస్తులో ఒక గడి:
గతంలో సేకరించిన వివరాలు ఏవైనా ఉన్నచో.
పంతొమ్మిదేళ్ళుగా పీలుస్తున్నాను అని రాసి
తుడిచేశాను.

నాలుగో రోజు, ఇస్త్రీకిచ్చిన దుప్పట్ల కోసం
మార్తమ్మ దగ్గరికి వెళ్తే
"రేపు రా పాపా, మళ్ళీ ఉతకాల.
రేతిరి పోర్టు గాలి ఇటు తిరిగిపోనాది" అంటూ
గోడ మీది చర్చి క్యాలెండర్‌పై
పెట్టెలోని బొగ్గుముక్కతో ఒక గీత గీసింది.

అదేంటి మార్తమ్మా?

"మళ్ళీ ఉతికిన రోజు.
సబ్బు డబ్బులు ఎవులిత్తారు? ఎవులూ ఇవ్వరు.
అయినా గుర్తుండాల గదా."

ట్రంకుపెట్టె కింద ఇంకో మూడు క్యాలెండర్లు.
నాలుగేళ్ళ గీతలు.
వానల నెలలు దాదాపు ఖాళీ,
కొన్ని తేదీల మీద రెండేసి: రెండుసార్లు ఉతికినవి.
"ఆ మే నెల్లో పది రోజులు నమ్మకు.
మా యమ్మి కానుపుకి ఎల్లిపోనాను, గియ్యలేదు."

నేను నేల మీదే కూలబడ్డాను.
లేని రోజుల్ని లేవని చెప్పడం
మా క్లాసులో నలభైమందికి ఇంకా రాలేదు.

ఫారంలో రాశాను:
సహ పరిశోధకురాలు, బి. మార్తమ్మ.
విద్యార్హత దగ్గర గీత పెడితే
ఎర్రక్షరాలు: ఈ గడి నింపనిదే ముందుకు వెళ్ళలేరు.
నాలుగేళ్ళు, అని నింపాను.
ముందుకు వెళ్ళింది.

మార్చి ఆఖర్లో ఆరు వేలు మంజూరు.
సగం ఎందుకు కోశారో ఉత్తరంలో లేదు.
ఆటో పోయింది, గాజు పళ్ళేలు రెండయ్యాయి,
మొదటి వోచరు మాత్రం సబ్బుది.
ఆరు బార్లు. వినియోగ సామగ్రి, అని రాస్తే
క్లర్కు కళ్ళద్దాల మీంచి చూసి
సంతకం పెట్టేశాడు.

ఇప్పుడు సాయంత్రం ఐదున్నర.
క్లాసులు అయ్యాక, ఎవరికీ అక్కర్లేని ఈ గంట
కూర్మారావు గారు నాకిచ్చారు.
త్రాసు గది తాళం తీసి
"ఫ్యాను ఆపమ్మా, సున్నా నిలవదు" అన్నారు.

ఆపాను. కిటికీ మూశాను.
చెమట మోచేతి దాకా వచ్చి ఆగింది.
మార్తమ్మ డాబా మీద ఒక రాత్రి పడుకున్న కాగితాన్ని
పటకారుతో లోపల పెట్టి
గాజు తలుపు జరిపాను.
అంకెలు వణుకుతున్నాయి,
మూడో స్థానంలో తొమ్మిది, నాలుగు, మళ్ళీ తొమ్మిది.
ఊపిరి బిగపట్టాను.

నిలిచేలోపు
వరండాలో కూర్మారావు గారు దగ్గారు.
అంకె కదిలింది.